డిగ్రీ ఏదైనా ఫర్వాలేదన్న మాట సగమే నిజం

ప్రశ్న:

మేడం, నమస్తే. మాది ఉమ్మడి వరంగల్ జిల్లాలో ఒక ఊరు. ఈ ఏడాదే ఇంటర్ ఎంపీసీ అయిపోయింది. 884 మార్కులు వచ్చాయి. పదో తరగతి దాకా ఊరి హైస్కూల్లో తెలుగు మీడియం. లెక్కలంటే ఇష్టం, ఫిజిక్స్ అంటే భయం, సోషల్ అంటే చిన్నప్పటి నుంచీ ప్రాణం. వచ్చే నవంబరుకి 18 నిండుతాయి. మేం బీసీలం. నాన్నకు రెండున్నర ఎకరాలు, వరి వేస్తాడు. అమ్మ అంగన్‌వాడీ టీచర్.

రెండేళ్ల కింద మా పాస్‌బుక్కులో సర్వే నంబరు తప్పు పడింది. నాన్న ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి విసిగిపోయాడు. చివరికి సోమవారం ప్రజావాణిలో అర్జీ ఇస్తే అక్కడున్న ఒక మేడం ఫైలు తెప్పించి చూశారు. నెల తిరగకముందే పని అయింది. ఆ రోజు నాన్న వెంట నేనూ వెళ్లాను. నేనూ ఆ మేడం లాగా కావాలని అప్పుడే అనుకున్నాను.

ఇప్పుడు ఇంట్లో రోజూ ఇదే పంచాయితీ. ‘ఎంసెట్ ర్యాంకు ఎంతొస్తే ఏంది, ఏదో ఒక కాలేజీల బీటెక్ చెయ్యి. రేపు కలెక్టర్ కాకున్నా ఉద్యోగమన్నా దొరుకుతది’ అంటాడు నాన్న. నాకు బీఏ చదవాలని ఉంది. బీటెక్ చేస్తే ఒక ఏడాది దండగ కదా అని నా వాదన. మధ్యలో హైదరాబాద్ అకాడమీ వాళ్లు మా ఊరికే వచ్చి ‘డిగ్రీ ప్లస్ ఐఏఎస్’ గురించి చెప్పి వెళ్లారు. హాస్టల్‌తో కలిపి ఏడాదికి 1,60,000. ‘21 ఏళ్లకే ఐఏఎస్’ అని బ్రోచర్ మీద ఉంది. సీటు పోతుందేమోనని అమ్మ 5,000 కట్టింది. మొదటి విడత ఫీజు, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇవ్వడానికి పది రోజులు టైమిచ్చారు. ఏం చెయ్యమంటారు? తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకు అసలు ఈ పరీక్ష వస్తుందా?

ఎస్.

జవాబు:

ఎస్.కి,

మిగతాదంతా తర్వాత, ముందు ఒక పని చెయ్యమ్మా. నీ పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, టీసీ ఇంట్లో బీరువాలో పెట్టి తాళం వెయ్యి. జిరాక్సులు ఎన్నయినా ఇవ్వు, ఒరిజినల్స్ మాత్రం ఆ అకాడమీకి ఇవ్వకు. అవి ఒకసారి వాళ్ల చేతికి వెళ్లాయంటే రేపు నీ మనసు మారినా కాలేజీ మారలేవు. మిగతా ఏళ్ల ఫీజు కూడా కడితేనే సర్టిఫికెట్లు ఇస్తామన్నారని నా దగ్గరికి ఏడుస్తూ వచ్చిన పిల్లలున్నారు. అమ్మ కట్టిన 5,000 సంగతి చివర్లో చెప్తాను.

ఇక వేళ్ల మీద ఒక లెక్క వేద్దాం. సివిల్స్ రాయాలంటే ఆ ఏడాది ఆగస్టు 1 నాటికి 21 ఏళ్లు నిండి ఉండాలి. నీకు ఈ నవంబరుకి 18. మూడేళ్ల డిగ్రీ ఒక్క సబ్జెక్టు కూడా తప్పకుండా పూర్తి చేశావనుకో. ఆ ఏడాది ఆగస్టు 1కి నీకింకా 20 ఏళ్లే. మూడు నెలల తేడాతో ఆ ఏడాది పరీక్ష నీది కాకుండా పోతుంది. నీ మొదటి అవకాశం మరుసటి ఏడాది. మొదటి దశ ప్రిలిమ్స్ నుంచి రెండో దశ మెయిన్స్, ఇంటర్వ్యూ దాటి తుది ఫలితం దాకా ఇంచుమించు ఏడాది నడుస్తుంది కాబట్టి, అన్నీ కలిసొచ్చినా నీ పేరు జాబితాలోకి ఎక్కేసరికి 22 దాటుతాయి. ‘21 ఏళ్లకే ఐఏఎస్’ అని అచ్చేయించినవాళ్లు నీ పుట్టిన తేదీ అడిగారా?

ఇదే లెక్క నీ వాదనను కూడా పడగొడుతుంది, ఏమనుకోకు. బీటెక్ నాలుగేళ్లు. ఫైనలియర్‌లో ఉన్నవాళ్లు ప్రిలిమ్స్ రాయొచ్చు, పాసైనట్టు రుజువు తర్వాత చూపిస్తే చాలు. అంటే బీఏ చదివినా, బీటెక్ చదివినా నువ్వు మొదటిసారి పరీక్ష రాసేది ఒకే ఏడాది. ‘ఏడాది దండగ’ అన్న మాట నీ విషయంలో చెల్లదు. నాన్న ముందు ఆ పాయింటు తీయకు.

మరి దేన్ని బట్టి తేల్చుకోవాలి? ‘డిగ్రీ ఏదైనా ఫర్వాలేదు’ అని అందరూ అంటారు. రూలు ప్రకారం అది నిజమే. గుర్తింపు ఉన్న యూనివర్సిటీ డిగ్రీ ఉంటే చాలు, అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీ డిగ్రీతో కూడా రాయొచ్చు. డిగ్రీలో చదివిన సబ్జెక్టే మెయిన్స్‌లో ఆప్షనల్‌గా, అంటే మనం ఎంచుకునే సబ్జెక్టుగా, తీసుకోవాలన్న నియమమూ లేదు. 2017 పరీక్షలో దేశంలో మొదటి ర్యాంకు తెచ్చుకున్న మెట్‌పల్లి అబ్బాయి దురిశెట్టి అనుదీప్ బిట్స్ పిలానీలో ఇంజనీరింగ్ చదివాడు, ఆప్షనల్ ఆంత్రోపాలజీ (మానవ శాస్త్రం). 2022లో మూడో ర్యాంకు వచ్చిన ఉమాహారతి ఐఐటీ హైదరాబాద్‌లో సివిల్ ఇంజనీరింగ్, ఆప్షనల్ మళ్లీ ఆంత్రోపాలజీయే. వీళ్లు ఇంజనీర్లు కదా, ఆర్ట్స్ వాళ్ల సంగతేమిటంటావా? 2023లో మూడో ర్యాంకు తెచ్చుకున్న మహబూబ్‌నగర్ అమ్మాయి అనన్యారెడ్డి ఢిల్లీలో జాగ్రఫీ చదివింది. ఆమె కూడా జాగ్రఫీ వదిలేసి ఆంత్రోపాలజీయే తీసుకుంది.

ఇంకో సంగతి గమనించు. అనన్యకు మొదటి ప్రయత్నంలోనే వచ్చింది. అనుదీప్‌కీ ఉమాహారతికీ ఐదోసారికి వచ్చింది. అనన్య ఫొటో ప్రతి హోర్డింగు మీదా కనిపిస్తుంది. మిగతా ఇద్దరి ఫొటోలూ ఉంటాయి కానీ, వాటి కింద ‘ఐదోసారి’ అన్న మాట ఎవరూ రాయరు.

ఇదీ సగం నిజం. మిగతా సగం ఏమిటంటే, సివిల్స్‌కు ఏ డిగ్రీ అయినా ఒకటే గానీ, దాని పక్కనున్న పరీక్షలకు కాదు. ఇండియన్ ఫారెస్ట్ సర్వీసుకూ ప్రిలిమ్స్ ఇదే. అయితే దానికి డిగ్రీలో గణితం, ఫిజిక్స్, కెమిస్ట్రీ, బాటనీ, జువాలజీ, జియాలజీ, స్టాటిస్టిక్స్ లాంటి సబ్జెక్టుల్లో ఒకటైనా ఉండాలి, లేదా ఇంజనీరింగో అగ్రికల్చరో చదివుండాలి. హిస్టరీ, ఎకనామిక్స్, పొలిటికల్ సైన్స్ తీసుకుని బీఏలో చేరిన రోజే ఆ తలుపు మూసుకుంటుంది. చేరేటప్పుడు ఈ మాట ఎవరూ చెప్పరు. ఇండియన్ ఎకనామిక్ సర్వీసుకు ఎకనామిక్స్‌లో పీజీ కావాలి. స్టాటిస్టికల్ సర్వీసుకు స్టాటిస్టిక్స్ చదివుండాలి. వీటికి పోటీ పడేవాళ్లు సివిల్స్‌తో పోలిస్తే చాలా తక్కువ.

నీ ఉత్తరంలో నేను రెండుసార్లు చదివిన వాక్యం ఒకటుంది: లెక్కలంటే ఇష్టం, ఫిజిక్స్ అంటే భయం, సోషల్ అంటే ప్రాణం. దీంట్లోనే నీకు కావలసిన జవాబు ఉంది. ఫిజిక్స్ అంటే భయపడే పిల్లను ఎంసెట్‌లో మిగిలిన సీట్లున్న కాలేజీలో, ఏ బ్రాంచి దొరికితే ఆ బ్రాంచిలో చేర్పిస్తే ఏమవుతుందో నేను చూస్తూనే ఉన్నాను. రెండో ఏడాదికి నాలుగు బ్యాక్‌లాగులు, మూడో ఏడాదికి తన మీద తనకే నమ్మకం లేకపోవడం. నాన్న అనుకున్న ఉద్యోగమూ రాదు, నువ్వు అనుకున్న చదువూ సాగదు. అలాగని లెక్కలు బాగా వచ్చిన పిల్ల వాటిని పూర్తిగా వదిలేసి బీఏలో చేరడం కూడా నాకు నచ్చదు. ఎకనామిక్స్, గణితం, స్టాటిస్టిక్స్ కలిపిన కాంబినేషన్ మన దగ్గర కొన్ని కాలేజీల్లో ఉంది. డిగ్రీ ఆన్‌లైన్ అడ్మిషన్ల పోర్టల్ దోస్త్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు మొదట అది వెతుకు. దొరక్కపోతే ఎకనామిక్స్‌తో పాటు పొలిటికల్ సైన్సో హిస్టరీయో ఉన్న బీఏ తీసుకో. ఏది తీసుకున్నా ఎకనామిక్స్ మాత్రం వదలకు. బడ్జెట్టు, ధరలు, వ్యవసాయం, బ్యాంకులు అన్నీ జనరల్ స్టడీస్‌లో ఉన్నవే. రేపు ఎంఏ చేస్తే ఎకనామిక్ సర్వీసు రాయొచ్చు, జూనియర్ లెక్చరర్ పోస్టులకు పోటీ పడొచ్చు. బ్యాంకు పరీక్షల్లో నీ లెక్కలు ఎలాగూ పనికొస్తాయి. ‘కలెక్టర్ కాకుంటే ఏంది?’ అని నాన్న అడిగితే చెప్పడానికి నీ దగ్గర నాలుగు మాటలుంటాయి. ఆయన ప్రశ్న సరైనదే. బీటెక్ అన్న జవాబే సరైనది కాదు.

(ఇది చదువుతున్న ఇంటర్ రెండో ఏడాది పిల్లలకు ఒక మాట. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ కోర్సులకూ, ఢిల్లీ యూనివర్సిటీ కాలేజీలకూ సీయూఈటీ అనే జాతీయ ఎంట్రన్స్ రాయాలి. దాని అప్లికేషన్లు ఇంటర్ పరీక్షలకు అటూ ఇటూగా వచ్చి పోతాయి, మన కాలేజీల్లో పట్టించుకునేవాళ్లు తక్కువ. ఎస్. లాగా తర్వాత తెలిసి ప్రయోజనం లేదు.)

ఇక ఆ అకాడమీ. ఏడాదికి 1,60,000 అంటే మూడేళ్లకు 4,80,000. 2025-26కు సాధారణ రకం వడ్ల మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. ఎకరాకు 25 క్వింటాళ్లు పండాయనుకున్నా మీ రెండున్నర ఎకరాల ఒక పంట మొత్తం అమ్మితే వచ్చేది 1,48,000 చిల్లర. విత్తనాలు, మందులు, దున్నకం, కోత మిషను కిరాయి ఇంకా తీయలేదు. ఒక పంట మొత్తం వాళ్ల చేతిలో పోసినా ఒక ఏడాది ఫీజుకు చాలదు.

ఆ డబ్బుకు ఏమొస్తుంది? పేరుకు ఒక ప్రైవేటు కాలేజీలో డిగ్రీ, పగలంతా అకాడమీలో నోట్సు. డిగ్రీ క్లాసులు జరగవు, పరీక్షకు నెల ముందు గైడ్లు ఇస్తారు. 18 ఏళ్ల పిల్లలతో మూడేళ్లపాటు కరెంట్ అఫైర్స్ బట్టీ పట్టిస్తారు. నువ్వు మొదటిసారి పరీక్ష రాసేది నాలుగేళ్ల తర్వాత కదా, ఈ జులై నాటి కరెంట్ అఫైర్స్ అప్పటికి ఎవరికి కావాలి? ఇక ఆ ఫొటోల సంగతి. ఒకే ర్యాంకరు బొమ్మ నాలుగైదు సంస్థల హోర్డింగుల మీద ఎలా ఉంటుందో ఎప్పుడైనా ఆలోచించావా? కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఈ ప్రకటనల మీద విచారణ జరిపి చాలా సంస్థలకు జరిమానాలు వేసింది. ఆ ర్యాంకర్లలో చాలామంది అక్కడ తీసుకున్నది ఇంటర్వ్యూకు ముందు ఉచితంగా ఇచ్చే శిక్షణ మాత్రమేనని తేలింది. ఎవరు ఏ కోర్సు తీసుకున్నారో దాచకుండా చెప్పాలని 2024 నవంబరులో మార్గదర్శకాలు కూడా వచ్చాయి. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకునే బేరం మాత్రం ఇంకా ఆగలేదు.

నన్ను కూడా ఒక ఉదాహరణగా తీసుకో, ఇది హోర్డింగు మీద కనిపించని రకం. నేను ఎలక్ట్రానిక్స్‌లో బీటెక్ చేశాను. ఇష్టం లేకుండానే చేశాను, ఎలాగూ సివిల్స్ రాస్తాను కదా అని. హైదరాబాద్‌లో కోచింగ్ సెంటర్లుండే అశోక్‌నగర్‌లో ఐదేళ్లు ఉన్నాను. పొద్దున టిఫిన్ బండి, పగలంతా చిక్కడపల్లి లైబ్రరీ, రాత్రి గదిలో నలుగురం ఒక ఫ్యాన్ కింద. మూడుసార్లు మెయిన్స్ రాశాను, ఒకసారి ఇంటర్వ్యూ దాకా వెళ్లాను. అంతే. బయటికొచ్చేసరికి 29 ఏళ్లు. చేతిలో ఉన్నది ఏడేళ్ల కిందటి ఇంజనీరింగ్ డిగ్రీ, అందులో ఒక్క సర్క్యూట్ కూడా గుర్తు లేదు. ఏ కంపెనీ పిలుస్తుంది? దూరవిద్యలో పొలిటికల్ సైన్స్ ఎంఏ చేసి, నెట్ పాసై, లెక్చరర్ కావడానికి మళ్లీ నాలుగేళ్లు పట్టింది. ఆ ఎంఏలో చదివిన పుస్తకాలే మొదట డిగ్రీలో చదివి ఉంటే ఏమయ్యేదో అని ఇప్పటికీ ఒక్కోసారి అనిపిస్తుంది. సివిల్స్ వచ్చేదని కాదు. రాకపోయినా కాళ్ల కింద నేల ఉండేది.

అందుకే అంకెలు దాచకుండా చెప్తున్నాను. 2024 పరీక్షకు దరఖాస్తు పెట్టినవాళ్లు 9,92,599 మంది. ప్రిలిమ్స్ రాసినవాళ్లు 5,83,213. మెయిన్స్‌కు ఎంపికైనవాళ్లు 14,627. ఇంటర్వ్యూకు 2,845. చివరికి ఉద్యోగానికి సిఫారసు చేసింది 1,009 మందిని. వీళ్లలో ఐఏఎస్ వచ్చేది ఏ 180 మందికో, మిగతావాళ్లకు పోలీసు, రెవెన్యూ, అకౌంట్స్, రైల్వే లాంటి సర్వీసులు. నిన్ను భయపెట్టడానికి కాదు. దరఖాస్తు పెట్టి కూడా హాలు దాకా రానివాళ్లు నాలుగు లక్షల పైచిలుకు ఉన్నారంటే, నిజమైన పోటీ ఆ పది లక్షలమందితో కాదనీ తెలుస్తుంది.

తెలుగు మీడియం సంగతి. వస్తుంది, అయితే ఒక మెలిక ఉంది. మెయిన్స్ మొత్తం తెలుగులో రాయొచ్చు, ఇంటర్వ్యూ తెలుగులో ఇవ్వొచ్చు. శ్రీకాకుళం జిల్లా నుంచి రోణంకి గోపాలకృష్ణ 2016 పరీక్షలో మూడో ర్యాంకు తెచ్చుకున్నది అలాగే. ప్రభుత్వ బడి టీచరుగా పనిచేస్తూ తెలుగులో మెయిన్స్ రాసి, తెలుగు సాహిత్యం ఆప్షనల్‌గా తీసుకుని, ఇంటర్వ్యూలో అనువాదకుడిని పెట్టుకుని. కానీ ప్రిలిమ్స్ ప్రశ్నపత్రం ఇంగ్లిష్, హిందీల్లోనే ఉంటుంది. రెండో పేపరు సీశాట్‌లో 33 శాతం వస్తేనే మొదటి పేపరు లెక్కలోకి తీసుకుంటారు. అందులో లెక్కలు, రీజనింగ్ నీకు తేలికే. ఇంగ్లిష్ పేరాగ్రాఫులు చదివి ఇచ్చే జవాబుల దగ్గరే మనవాళ్లు తడబడతారు. మెయిన్స్‌లో 300 మార్కుల ఇంగ్లిష్ పేపరు, 300 మార్కుల తెలుగు పేపరు ఉంటాయి. రెండింట్లోనూ 25 శాతం వస్తే చాలు, ఆ మార్కులు ర్యాంకులో కలపరు. చాలు కదా అని తేలిగ్గా తీసుకుని తెలుగులో తప్పినవాళ్లు నాకు తెలుసు. కార్పొరేట్ స్కూళ్లలో చదివి ‘క్ష’ రాయడం మర్చిపోయినవాళ్లు. తెలుగు పేపరు తప్పితే మిగతా పేపర్లు దిద్దరు. నీకు ఆ బాధ లేదు.

ఏ భాషలో రాయాలో ఇప్పుడే తేల్చుకోకు. డిగ్రీ ఇంగ్లిష్ మీడియంలోనే చదువు. మొదటి సెమిస్టర్ నరకంలా ఉంటుంది, మూడో సెమిస్టర్‌కు అలవాటవుతుంది. తెలుగులో మెయిన్స్ రాయాలంటే సమాచారం అంతా ఇంగ్లిష్‌లో చదివి తెలుగులోకి తెచ్చుకోవాల్సిందే, పుస్తకాలు అంతంతమాత్రం. కాబట్టి ఏ దారిలో వెళ్లినా ఇంగ్లిష్ చదివి అర్థం చేసుకోవడం తప్పదు. మాట్లాడటం తర్వాత, ముందు చదవడం. తెలుగు సాహిత్యం ఆప్షనల్ సంగతి కూడా డిగ్రీ రెండో ఏడాదిలో చూసుకోవచ్చు. ఆ రెండు పేపర్లూ తెలుగులోనే రాయాలి, మిగతా పేపర్లు ఇంగ్లిష్‌లో రాసుకోవచ్చు. సిలబస్‌లో నన్నయ, తిక్కన నుంచి జాషువా దాకా ఉంటారు. పద్యం చూస్తే నిద్రొచ్చేవాళ్లు దాని జోలికి పోకూడదు.

మొదటి రెండేళ్లూ ‘ప్రిపరేషన్’ అన్న మాటే మర్చిపో. రోజుకు ఒక ఇంగ్లిష్ పేపరు, ఒక తెలుగు పేపరు, గంట మించకుండా. ఎన్‌సీఈఆర్‌టీ సోషల్ పుస్తకాలు ఆరో తరగతి నుంచి పన్నెండు దాకా నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి, సెలవుల్లో కథల పుస్తకాల్లా చదువు. రోజూ ఒక పేజీ చేత్తో రాయి. ఇంగ్లిష్ సంపాదకీయం ఒకటి చదివి, మూసేసి, అందులో ఏముందో పది వాక్యాల్లో తెలుగులో రాయి. మర్నాడు ఆ తెలుగును చూసి మళ్లీ ఇంగ్లిష్‌లో రాయి. ఇది విసుగు పుట్టించే పని, అందుకే ఎవరూ చెయ్యరు. మెయిన్స్‌లో మూడు గంటల్లో ఇరవై జవాబులు రాయాలి. అక్కడ ఓడిపోయేవాళ్లలో ఎక్కువమందికి విషయం తెలుసు, చెయ్యి తిరగదు.

ఇంకొకటుంది. ఇది ఏ అకాడమీలోనూ దొరకదు. మీ అమ్మ అంగన్‌వాడీ టీచర్ అన్నావు. ఆమె రిజిస్టర్లు ఎప్పుడైనా తెరిచి చూశావా? పిల్లల బరువు, ఎత్తు, గర్భిణుల పేర్లు, ఎవరికి ఎన్ని గుడ్లు ఇచ్చారు, ఎవరు వలస వెళ్లారు. ఆ కేంద్రం 1975 అక్టోబరు 2న మొదలైన ఐసీడీఎస్ అనే పెద్ద పథకానికి ఆఖరి కొస. ఇప్పుడు అమ్మ ఫోన్లో పోషణ్ ట్రాకర్ యాప్‌లో ఎంట్రీలు చేస్తూ ఉండాలి. సిగ్నల్ లేకపోతే ఏం చేస్తుంది? పిల్ల బరువు తక్కువని తేలితే ఎక్కడికి పంపుతుంది? వాళ్లు వెళ్తారా? ఆదివారం పూట పక్కన కూర్చుని అడుగు, ఒక నోట్‌బుక్కులో రాసుకో. పోషకాహార లోపం మీద జనరల్ స్టడీస్ రెండో పేపర్లో ప్రశ్న వస్తే అశోక్‌నగర్ కుర్రాళ్లందరూ ఒకే నోట్సులోంచి ఒకే జవాబు రాస్తారు. నువ్వు రాసేది వేరుగా ఉంటుంది. నాన్న దగ్గరా ఇంతే. వడ్లు ఐకేపీ కొనుగోలు సెంటర్‌కు తీసుకెళ్లినప్పుడు వెంట వెళ్లు. తేమ ఎంత ఉండాలి, తరుగు ఎందుకు తీస్తారు, డబ్బు ఎన్ని రోజులకు పడుతుంది, ఆ మద్దతు ధర ఢిల్లీలో ఎవరు లెక్కగడతారు. చివరి ప్రశ్నకు జవాబు నాన్నకు తెలియకపోవచ్చు. నువ్వు వెతికి ఆయనకు చెప్పు.

ఇక ప్రజావాణిలో చూసిన మేడం. ఆమె ఐఏఎస్ అయ్యుండొచ్చు, కాకపోనూవచ్చు. జిల్లాల్లో ఆర్డీఓలుగా ఉండేవాళ్లలో గ్రూప్-1 రాసి డిప్యూటీ కలెక్టర్లుగా వచ్చినవాళ్లుంటారు. అడిషనల్ కలెక్టర్లలోనూ వాళ్లుంటారు. మండలంలో నాయబ్ తహసీల్దారు గ్రూప్-2 నుంచి వస్తాడు. మీ పాస్‌బుక్కు ఫైలు వీళ్లందరి బల్లల మీదుగానే పోయి ఉంటుంది. ఐఏఎస్‌లో మూడో వంతు పోస్టులు పదోన్నతి మీద నింపేవి, డిప్యూటీ కలెక్టర్లుగా చేరినవాళ్లలో కొందరు ఆ దారిలో తర్వాత ఐఏఎస్‌లవుతారు. నీకు నచ్చింది ఆ కుర్చీనా, ఆ పనా? పనే అయితే గ్రూప్-1 నీకు రెండో దారి కాదు, దాన్ని కూడా మొదటి దారిలాగే చూడు. ప్రిలిమ్స్ ప్రశ్నపత్రం తెలుగులోనూ ఉంటుంది, సిలబస్‌లో సగానికి పైగా సివిల్స్‌తో కలుస్తుంది.

అయితే దాన్నొక్కదాన్నే నమ్ముకుని కూర్చోకు. తెలంగాణ వచ్చాక మొదటి గ్రూప్-1 నోటిఫికేషన్ 2022లో పడింది, 503 పోస్టులతో. అక్టోబరులో ప్రిలిమ్స్ పెట్టారు. పేపర్ లీకైందని 2023 మార్చిలో రద్దు చేశారు. జూన్‌లో మళ్లీ పెడితే సెప్టెంబరులో హైకోర్టు రద్దు చేసింది. 2024లో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్ ఇచ్చి మళ్లీ మొదటి నుంచి. ఒకే ఉద్యోగం కోసం పిల్లలు మూడుసార్లు ప్రిలిమ్స్ రాశారు. ఆ ఏళ్లలో అశోక్‌నగర్‌లో గది అద్దె మాత్రం ఏ నెలా రద్దు కాలేదు.

నువ్వు బీసీ కాబట్టి ఇంకో జాగ్రత్త. రాష్ట్రంలో బీసీలైన అన్ని కులాలూ కేంద్ర ఓబీసీ జాబితాలో లేవు. మీ కులం ఉందో లేదో ఇప్పుడే చూసుకో. ఉంటే, క్రీమీలేయర్ కాకపోతే, 35 ఏళ్ల దాకా 9 ప్రయత్నాలు. లేకపోతే జనరల్ లెక్కే, 32 ఏళ్ల దాకా 6. ఆదాయాన్ని బట్టి ఈడబ్ల్యూఎస్ (ఆర్థికంగా వెనుకబడినవాళ్ల కోటా) వస్తుందేమో చూసుకోవాలి గానీ దానికీ 6 ప్రయత్నాలే. దరఖాస్తు పెట్టి వెళ్లకపోతే ప్రయత్నం లెక్కలోకి రాదు, ప్రిలిమ్స్‌లో ఒక్క పేపరు రాసినా వస్తుంది. తొమ్మిది ఉన్నాయి కదా అని తొమ్మిదీ రాయాలని లేదమ్మా. మూడు రాయి. మూడు తర్వాత మెయిన్స్ దాకా వెళ్లలేదంటే ఉద్యోగంలో చేరి, ఇష్టముంటే ఉద్యోగం చేస్తూ రాయి. అనుదీప్‌కు కూడా ర్యాంకు వచ్చింది ఉద్యోగంలో ఉండగానే.

కోచింగ్ అసలే వద్దంటారా అని అడుగుతావేమో. డిగ్రీ అయ్యాక, నీకు ఎక్కడ తక్కువ పడుతోందో నీకే తెలిశాక, ఆ మేరకు తీసుకో. బీసీ స్టడీ సర్కిల్‌లో ఎంట్రన్స్ రాసి సీటు తెచ్చుకుంటే ఫీజు లేదు. ఆడపిల్లలకు సివిల్స్ దరఖాస్తు ఫీజు కూడా లేదు. ప్రిలిమ్స్ పాసైతే సింగరేణి సంస్థ తరఫున లక్ష రూపాయలిచ్చే పథకం 2024లో మొదలైంది. అప్పటికి అది ఉంటే తీసుకో.

నాన్నతో మాట్లాడేటప్పుడు ‘బీఏ చదువుతా’ అని మొదలుపెట్టకు. నువ్వు ఎంచుకున్న రెండు మూడు కాలేజీలకు ఆయన్ను వెంట తీసుకెళ్లు. ప్రిన్సిపాల్ గదిలో కూర్చోవద్దు. ఎకనామిక్స్‌కు రెగ్యులర్ లెక్చరర్ ఉన్నారా, గెస్ట్ ఫ్యాకల్టీతో నడుపుతున్నారా అని ఆఫీసులో అడుగు. లైబ్రరీ ఎన్నింటికి మూస్తారో చూడు. రెండో ఏడాది చదువుతున్న పిల్లలు నలుగురిని పట్టుకుని వారానికి ఎన్ని క్లాసులు జరుగుతాయో అడుగు, వాళ్లు నిజం చెప్తారు. సర్కారు డిగ్రీ కాలేజీ అయితే ఫీజు నాన్న ఊహించిన దానికంటే చాలా తక్కువ ఉంటుంది. ఆ అంకె ఆయన చెవిన పడటం మంచిది.

ఇక ఆ 5,000. అడ్మిషన్ వద్దనుకుంటున్నామని అమ్మ పేరుతో ఒక కాగితం రాసి, రసీదు జిరాక్సు జతచేసి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. ఫోన్లో చెప్తే లెక్క కాదు. గడువు పది రోజులే అన్నావు, అందులో ఎన్ని పోయాయో నాకు తెలియదు కాబట్టి రేపే పంపు. తిరిగివ్వం అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. అక్కడ తెలుగులో కూడా మాట్లాడతారు. మొత్తం రాకపోవచ్చు. రాకపోయినా మిగిలిన 4,75,000 మీ దగ్గరే ఉన్నాయని అమ్మతో చెప్పు. ఆమె ఈపాటికి నిద్ర మానుకుని ఉంటుంది.